నీ ఫిర్యాదు కింద నా సంతకం

శారదా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు ఫిర్యాదు చేసిన మీర్‌పేట్ బడి ముందు మ్యాన్‌హోల్‌కి ఇవాళ మూత వేశారు.

మునిసిపల్ ఆఫీసుకు కొత్త కమిషనర్ వచ్చారు. ఫిర్యాదు చేసినవాళ్ల సంతకం లేకుండా ఏ ఫైలూ మూయకూడదని ఆయన ఆదేశమట. అందుకే నాలుగు రోజుల క్రితం, నిన్ను మూడేళ్లు తిప్పిన ఆ ఇంజనీరే మనింటికి వచ్చాడు.

"మేడం ఉన్నరా సార్?"

"లేదు. చనిపోయింది."

ఫైలు మూసే కాగితం నా ముందు పెట్టాడు. "అయితే మీరే జర సంతకం పెట్టుండ్రి. లేకుంటే నాకు మెమో ఇస్తరు."

ఒకప్పుడైతే పెట్టేసేవాణ్ణి. "ఊకె ఎందుకు తిరుగుతవ్, ఎవరింటరు" అని నిన్ను విసుక్కున్నది నేనే కదా. ఆ రోజు మాత్రం చెప్పులు వేసుకుని అతణ్ణి బడి దాకా నడిపించాను. పిల్లలు ఆ గుంతను తప్పించుకుంటూ లోపలికి పోతున్నారు.

"మూత ఏసినంక రాండ్రి, పెడ్త" అన్నాను.

ఇవాళ వేశాక కాగితం తెచ్చాడు. నీ పేరు కింద సంతకం చేశాను. పనితో సంతృప్తి చెందారా అని అడిగే గడి ఒకటి ఖాళీగా మిగిలింది.

"గది గూడ నింపుండ్రి సార్."

"అది ఆమె నింపాలె" అన్నాను.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.