217వ గొట్టం పారవేయవద్దని

శ్రీయుత డైరెక్టరు గారి సముఖమునకు,
తీరప్రాంత జీవుల జన్యు వైవిధ్య సర్వే, నెల్లూరు.

అయ్యా,

విషయం: గొర్రెల వరుసలో 217 నెంబరు గల నమూనా గొట్టమును ఈ నెల 30న పారవేయకుండా నిలుపుట, అందులోని వ్యక్తి ఎవరి తాలూకో తెలియజేయుట – గురించి.

తమ సర్వేలో రెండేళ్లుగా కాంట్రాక్టు అటెండరుగా ఉండి, ప్రాజెక్టు ముగిసినందున నెలాఖరుకు ఇంటికి పోవలసిన ఎం. లాజరస్ అను నేను విన్నవించుకొనునది:

1. కావలి నుండి తడ వరకు ఐసు పెట్టె మోటారు సైకిలుకు కట్టుకుని తిరిగి గొర్రె, పీత, రొయ్య, మడవ చేప, తాటిచెట్టు మొదలగు పదకొండు జాతుల నమూనాలు తెచ్చినాను. ఒక్క పెట్టెలోనూ ఐసు కరగనివ్వలేదు.

2. చుట్టరికం గల రెండు జీవుల నుండి నమూనా తీయరాదని తమ నియమం. అలా తీస్తే ఆ జాతిలో ఎన్ని రకాలున్నవో తెలియదట. పీతలను అడగలేము గనుక వేరు వేరు రేవుల్లో పట్టినాము. గొర్రెలకు మాత్రం కాపరిని అడిగి ప్రతి దానికీ తల్లి, అమ్మమ్మ వివరాలు రిజిస్టరులో రాయవలెను. ఆ రాత పని నాది.

3. కావలి దగ్గర కాపరి హజరత్తయ్య మందలో నలభై గొర్రెలుంటే నలభైంటికీ వంశం చెప్పినాడు. చీటీ చూడలేదు, తడుముకోలేదు. చెప్పి చెప్పి, చివరకు నన్ను అడిగినాడు: “దీని అవ్వ గూడా నా చేతిలోనే పుట్టింది సార్. మరి మీదే ఊరు, మీవోళ్లెవురు?”

4. ఎనభై నాలుగు తుఫాను తరువాత నన్ను ఎవరో తెచ్చి మిషను హాస్టలులో అప్పగించినారు. అప్పటికి నాకు రెండేళ్లుండవచ్చునని రికార్డు. ఇంటిపేరు తెలియక ‘ఎం’ అని రాసుకున్నారు. మిషను అని దాని అర్థం. హజరత్తయ్యకు ఇదంతా చెప్పలేక, నెల్లూరే అన్నాను.

5. ఆ పూట 217వ గొర్రె పట్టు విడిపించుకుని సవక తోపులోకి పారిపోయినది. రిజిస్టరులో గడి ఖాళీగా ఉంటే ఆడిట్లో అభ్యంతరం వస్తుందని, దూది పుల్ల నా బుగ్గ లోపల రుద్ది గొట్టంలో పెట్టినాను. అయ్యా, ఆడిట్ అనునది సాకు. అన్ని గొర్రెలకూ తేలేది నాకూ తేలుతుందని ఆశపడ్డాను. తప్పు నాదే.

6. నివేదికలో 216కు వెంకటాచలం ఊరి మందల్లో దూరపు చుట్టాలు కనిపించినారు. 218కి కూడా ఉన్నారు. 217 ఎదుట “గొర్రె కాదు. మానవ కల్మషం. పారవేయవలెను” అని ఉన్నది.

7. ల్యాబులో సైంటిస్టు భానుప్రియ గారి దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను. ఆమె కోపగించుకోలేదు. కల్మషం అనేది తిట్టు కాదని, అక్కడి వాడుక మాటని చెప్పినారు. మనుషుల నమూనా పరీక్షించుటకు ఈ సర్వేకు అనుమతి లేదన్నారు. నా ముఖం చూసి కాబోలు, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. మనిషికి, గొర్రెకు, పీతకు, ఆఖరికి తాటిచెట్టుకు కూడా కొన్ని జన్యువులు దాదాపు ఒకటేనట. వంద కోట్ల ఏళ్లకు పైగా చేయి మారుతూ వచ్చినవట. “ఆ లెక్కన మీరు ఒంటరివారు కాదు లాజరస్ గారూ” అన్నారు.

ఆమె మంచిమనసుకు నమస్కారము. అయితే పోయిన జనవరిలో నాకు గిలక (హెర్నియా) ఆపరేషను అయినప్పుడు, కాగితంలో ‘సంబంధీకుల సంతకం’ అనే చోట తాటిచెట్టు వచ్చి సంతకం చేయదు గదా. వార్డు ఆయా చెంచులక్ష్మి గారు పెన్ను తీసుకుని, తన పేరు రాసి, పక్కన ‘అక్క’ అని రాసినారు. మెలకువ వచ్చినాక అడిగితే ఆమె డ్యూటీ దిగి వెళ్లిపోయినారన్నారు. మళ్లీ కనబడలేదు. నలభై ఏళ్లలో నాకు ఒక పూట అక్క ఉన్నది. ఆ పూట నేను మత్తులో ఉన్నాను.

8. నా నమూనా పరీక్షించుటకు నాకు సమ్మతమే. పత్రంపై సంతకం చేసి జతపరచినాను. పోల్చుటకు మనుషులు కావలెనంటే పుల్లలు, గొట్టాలు ఇప్పించండి. తీరంలోని ప్రతి పల్లెకూ నేనే వెళ్లి ఒప్పించి తెస్తాను. జీతం అక్కరలేదు.

కావున తమరు దయతో 30వ తేదీ లోపల ఉత్తర్వు ఇచ్చి, 217ను ఫ్రీజరులో ఉన్నచోటనే ఉంచి, నా తాలూకు వారు ఎవరైనా, ఎంత దూరపు వారైనా, ఉన్నారేమో విచారింపజేయవలెనని వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎం. లాజరస్

తా.క.: పరీక్షలో ఎవరూ లేరని తేలితే ఆ సంగతి నాకు రాయవద్దు. “తమ అర్జీ పరిశీలనలో ఉన్నది” అని ఒక ముక్క రాయించండి చాలు. ఎదురుచూస్తూ ఉంటాను.