ఎడమ భుజానికి ఆనే తుపాకీ

నా వారసులకు, ఈ పత్రాన్ని అమలు జరిపే మిత్రుడు గజేందర్‌కు సలాం, నమస్కారం. తేదీ, స్థలం పైన వేయలేదు. వెనుక పుటన సాక్షులే వేస్తారు.

కోరుట్లలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పండితుడిగా, ఎన్.సి.సి. అధికారిగా పనిచేసి విరమించి, ప్రస్తుతం గల్ఫు దేశాన అల్ ఘర్రాఫాలో కుమారుడు గయాజ్ ఇంట ఉంటున్న ముజఫ్ఫర్ అలీ అను నేను, పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఎవరిచేతా రాయించక, స్వయంగా రాసినది. నా మతి స్థిరతను శంకించేవారు ఇందులో ఒక్క అక్షరదోషం చూపవలెను.

1. ఇల్లు, సామాను షరీఅత్ ప్రకారం పంచుకోండి. అందులో నా ఇష్టాయిష్టాలకు చోటు లేదు.

2. నాకు సొంత తుపాకీ ఎన్నడూ లేదు. కాల్చినవన్నీ సర్కారువో క్లబ్బువో. నేను వదిలిపోతున్నది ఒక ఎంపిక. మూడువందల మీటర్ల పోటీకి ఇక్కడి మా షూటింగ్ క్లబ్బు ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనబోతున్నది. ఎంపిక సంఘంలో నేను, గయాజ్, కోచ్ మస్తాన్ సభ్యులం. మా ముందున్నవి రెండు తుపాకులు. మొదటిది, గయాజ్ కోరినది, తేలిక, అందం. కాని దాని సేఫ్టీ మీట కుడిచేతి బొటనవేలికే అందుతుంది; ఎడమ భుజానికి ఆనించి కాలిస్తే పేలిన తూటా ఖాళీ గొట్టం ముఖం ముందుగా ఎగురుతుంది. జట్టులో ఎడమచేతివాటం ఒక్కరికే: నా మనవరాలు, నా కూతురు అజ్రా బిడ్డ కహకషాన్. భుజం మార్చుకోకపోతే చోటు లేదని సొంత మేనమామే అన్నాడు.

3. నా ఓటు రెండవ తుపాకీకి. బరువెక్కువ, నిజమే, ఆ బరువు వల్లనే పేలినప్పటి వెనుకతన్ను తగ్గి, మరుసటి గుండుకు గురి త్వరగా నిలుస్తుంది. సేఫ్టీ రెండు వైపులా ఉన్నది. ఖాళీ గొట్టాన్ని ముందుకు మళ్లించే దిమ్మ ఉన్నది. ఆ దూరానికి ఇంతకు మించిన హంగులు అనవసరం. "అబ్బాజాన్, అది మీ ఎన్.సి.సి. నాటి ఇనుము" అన్నాడు గయాజ్. ఆ ఇనుము మోసి నేను పరుగెత్తిన నాటికి అతడు పుట్టలేదు. ఓటును సంతకంతో మస్తాన్‌కు ఇచ్చి రసీదు పొందాను. మరణం రాజీనామా కాదు.

4. గజేందర్‌కు నా దుర్భిణి. మొదట కహకషాన్ భుజాన్ని మార్పించబోయినవాణ్ని నేనే. "సారూ, పోరి దేవుడిచ్చిన చెయ్యితోనే కొడ్తుంది గదా, మీకేం నొప్పి?" అని నజ్మా పేట మెస్సులో నలుగురి ముందు మందలించినవాడు ఇతడొక్కడే.

5. గయాజ్‌కు, అతడు క్లబ్బుకు రాసిన సిఫార్సు లేఖ, పదకొండు తప్పులు ఎర్రసిరాతో దిద్ది ఇస్తున్నాను. ఇది ఆస్తి కాదు, వాపసు. నా మందులు ఏనాడూ వేళ తప్పనివ్వనివాడూ అతడే. అదీ నమోదు కావాలి.

6. కహకషాన్‌కు నా తోలు స్లింగు, తుపాకీకి బిగించే పట్టీ. ఎడమ భుజానికి సరిపోయేట్టు మళ్లీ కుట్టించాను. ఎవరన్నా భుజం మార్చమంటే ఈ పత్రం చూపించు.

7. అజ్రా, నీవు వారసురాలివి. వారసులకు వీలునామా రాయరాదు. కనుక నీకు ఒక ఒప్పుకోలు మాత్రమే. ఆరేళ్లప్పుడు ఎడమచేత బలపం పట్టావని ఆ చేతికి నా జేబులోని దస్తీ కట్టాను. "ఎడమచేత అన్నమూ తగదు, అక్షరమూ తగదు" అన్నాను. కుడిచేత నీకు ముత్యాల దస్తూరీ వచ్చింది. ఆ ఏడంతా నీవు నాతో మాట్లాడలేదు. తప్పు నాది. ఆ దస్తీని నీ కూతురి చేతికి మరొకరు కట్టబోతే, మట్టిలో ఉండి కూడా ఊరుకోను.

ముజఫ్ఫర్ అలీ, సంతకం
సాక్షులు: మస్తాన్, కోచ్; మెహర్ సుల్తానా, పొరుగింటివారు

చివరి మనవి: ఈ పత్రాన్ని గయాజ్ చదివి వినిపించకూడదు. అజ్రా, అందరి ముందూ నీవే బిగ్గరగా చదువు. చదివినట్టు అడుగున ఎడమచేత సంతకం చెయ్యి. వంకరగా వచ్చినా నేను దిద్దను.