డొంక దారి రాజీ

ఒరేయ్ రామూ,

మన ఊళ్ళో రెండు పార్టీలూ ఇవాళ రాజీ పడ్డాయిరా. నువ్వు పోయిన ఆరేళ్ళకి.

గుంటూరు కాలేజీలో మనిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని అహింస పాఠాలు విన్నాం. నేను పరీక్ష కోసం రాసుకున్నాను, నువ్వు నమ్మావు. మిరప చేలకు వెళ్ళే డొంక మాదంటే మాదని వీళ్ళు కర్రలెత్తిన రోజు, "రెండు వైపులా చెప్పేది వినాలిరా" అంటూ వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డావు. నీకు తగిలిన కర్ర ఎవరిదో ఈనాటికీ ఎవరూ చెప్పరు. నేను ఆ రోజు మా అరుగు కూడా దిగలేదు.

వీళ్ళకు బుద్ధి వచ్చిందనుకునేవు. పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ప్రెసిడెంటు పదవి ఒకరికీ, వైస్ ప్రెసిడెంటు పదవి ఇంకొకరికీ అని పంచుకున్నారు, అంతే.

"చదువుకున్నోరు, కాగితం మీరే రాయండి మాస్టారూ" అన్నారు. ఇదివరకు జరిగినవాటిని ఇకమీదట ఎవరూ ఎత్తకూడదని రాయమన్నారు. వాటిలో నీ చావు కూడా ఉందని తెలిసే రాశాను.

సంతకాలయ్యాక మీ అమ్మ వచ్చింది. చదువు రాదు కదా, కాగితాన్ని చేత్తో తడిమి చూసింది.

"మావాడి పేరు ఎక్కడ రాశావు నాయనా?" అని అడిగింది.

ఆమె వేలు పట్టుకుని మొదటి వరుస మీద పెట్టాను. "ఇదిగో, ఇక్కడే పిన్నీ" అన్నాను.

అక్కడున్నది కాబోయే ప్రెసిడెంటు పేరు.