మూడో కాఫీ

చెల్లీ జుమ్రా,

నేను కులాసా. బోస్నియా మళ్ళీ చీలుతుందని టీవీలో అంటే కంగారుపడకు. మొన్న శాంతి దళం కుర్రాళ్ళు వచ్చి, "యుద్ధంలో మీతో పోరాడిన అవతలి ఊరి వాళ్ళతో ఇప్పుడెలా ఉంది తాతా?" అని అడిగారు.

"అవతల మిగిలింది మిలోవాన్ ఒక్కడే. వాడికి మోకాళ్ళు, నాకు నడుము. ఎవరం ఎవరి మీదికి పోతామయ్యా?" అన్నాను.

నవ్వారు. ఇంకాసేపు కూర్చుంటారని మూడో కాఫీ పోశాను. వెంటనే లేచి టోపీలు పెట్టుకున్నారు. మూడో కాఫీ పోస్తే ఇక వెళ్ళిపొమ్మని అర్థమని వాళ్ళ దుబాసీ నేర్పాడట. మన పాత ఆచారమే, నేనే మరిచాను. ఉండండని అనడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళ దళాన్ని ఇక్కడ ఉంచుతారో లేదో ఈ నెలలో తేలుతుందట.

ఉన్ని మేజోళ్ళు పంపు. అల్లుడికి ఉద్యోగం దొరికిందా? అల్లా మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి. వీలైతే ఓసారి రా. నీకు రెండు కాఫీలే పోస్తాను.

అన్న రమీజ్