ఎర్ర బండి, నీలం బండి, మధ్యలో అల్లుడు

చిరంజీవి అల్లుడికి, అద్దాల కొట్టు నుంచి మామ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, మన పాత బండి తప్ప. అది నిన్న నడిబజారులో ప్రాణం విడిచింది. కొత్తగా డీజిల్ పికప్ కొనాలి. రెండు కంపెనీలవాళ్లూ నన్ను వదలడం లేదు. ఎర్ర బండి మీ కంపెనీది, నీలం బండి మీ పోటీవాళ్లది. "మా లాగుడు చూడండి" అంటాడు ఎర్ర బండి ఆయన. "మా మైలేజీ చూడండి" అంటాడు నీలం బండి ఆయన. అవతలివాడి బండిని మాత్రం చూడొద్దని ఇద్దరూ అంటారు.

బండ్లను పరీక్షించే విభాగంలో ఉన్నావు కదా, ఉన్నదున్నట్టు రాయి. ఫోన్ చెయ్యొద్దు. గాజు కోసే చప్పుడులో నాకు సగమే వినబడుతుంది, ఆ సగమూ నాకు నచ్చినదే.

ఇట్లు,
మీ మామ

తా.క. "అల్లుణ్ణి అడిగితే సొంత కంపెనీదే కొనమంటాడు" అని మీ అత్తగారు పందెం కాసింది. నా పరువు నిలబెట్టు.

* * *

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

ఉన్నదున్నట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. లాగుడులో మా ఎర్ర బండికి తిరుగులేదు. ఇసుక, ఇటుకలు, ఇనుము, ఏది ఎత్తినా గట్టెక్కించేస్తుంది. కానీ ఆ బరువు మొయ్యడానికని వెనక కమాన్లు, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, బాగా గట్టిగా వేశారు. తేలిక సరుకుతో వెళ్తే గుంత గుంతకీ ఎగిరిపడుతుంది. మీదేమో అద్దాల వ్యాపారం.

నీలం బండి కమాన్లు మెత్తన. డీజిలూ తక్కువే తాగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త ఆయాసపడుతుంది, అంతే. మీరు నీలమే తీసుకోండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. ఇది చదివి చించెయ్యండి. మా ఆఫీసులో తెలిస్తే నా పరిస్థితి బాగుండదు.

* * *

అల్లుడికి దీవెనలు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. ఉద్యోగం పోతే పోయిందని మాతో ఒక్క మాట చెప్పకూడదా నాయనా? మీ అత్తగారు చదవగానే కనిపెట్టేసింది. "సొంత కంపెనీ బండిని కాదన్నాడంటే వాళ్లతో చెడిందన్నమాటే. 'నా పరిస్థితి బాగుండదు' అని తనే రాశాడు చూడండి" అంది.

నేను ఊరుకుంటానా? తిన్నగా ఎర్ర బండి షోరూముకి వెళ్లి మేనేజరు ఎదురుగా కూర్చున్నాను. "మీ బండి గురించి మా అల్లుడు ఎంత గొప్పగా రాశాడో తెలుసా? అద్దాలెక్కించినా నీళ్ల మీద పడవలా పోతుందట" అని చెప్పి, బండి బుక్ చేసేశాను. ఆయన పొంగిపోయి నీ పేరూ, విభాగమూ రాసుకున్నాడు. పెద్దాఫీసుకి తెలియజేస్తాడట. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
మీ మామ

తా.క. నువ్వు చెప్పినట్టే ఉత్తరం చించాను. మీ అత్తగారు అతికించి మళ్లీ చదువుకుంటోంది.

* * *

మామయ్యగారికి నమస్కారాలు.

నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. మీ పుణ్యమా అని ఇప్పుడు అయ్యేలా ఉంది.

ఇవాళ మా పెద్ద మేనేజరు పిలిచి భుజం తట్టారు. "నీళ్ల మీద పడవ" అన్న మాట ఆయనకి తెగ నచ్చిందట. మీ ఊరి షోరూము దగ్గర బండిలో అద్దాలు వేసి, జనం ముందు నడిపి చూపిస్తారట. తనే స్వయంగా వస్తారట. గట్టి కమాన్ల గురించి నేనిచ్చిన రిపోర్టు ఆయన బల్లమీదే ఉంది, కవరు కూడా విప్పలేదు. ఆ అద్దాలు పగిలాయంటే నా పని అయిపోయినట్టే. దయచేసి ఏదో ఒక సాకు చెప్పి బుకింగ్ రద్దు చేసుకోండి.

మీ అమ్మాయి కూడా నా పక్షాన లేదు. "మా నాన్నకి నిజం రాయమని మీకెవరు చెప్పారు?" అంటోంది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. నన్ను ఓదార్చమని అత్తయ్యగారు మా ఇంటి ఓనరుకి ఫోన్ చేశారట. ఆయన వచ్చి చక్కగా ఓదార్చి, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగారు.

* * *

అల్లుడికి దీవెనలు.

నీ ఉత్తరం అందేసరికే ఆ తతంగం కాస్తా అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, గుండె చిక్కబట్టుకుని చదువు.

మీ పెద్ద మేనేజరు వచ్చాడు. పిలవకపోయినా నీలం బండి ఆయన కూడా వచ్చి "మా దాంట్లోనూ వెయ్యండి" అన్నాడు. రెండింట్లోనూ నా అద్దాలే. గుంతల దారిలో నీలం బండి ఉయ్యాలలా పోయింది. మన ఎర్ర బండి వెనక ఒకటే గలగల. దిగి చూస్తే నిలువుటద్దాలన్నీ చేతి అద్దాలయ్యాయి.

అప్పుడు మీ అత్తగారు జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "మా అల్లుడు గాజుకి ఈ బండి వద్దనే రాశాడండీ. పడవన్నది ఈయన" అని నన్ను చూపించింది. మీ మేనేజరు నా వైపు తిరిగి, "మరి ఎందుకు బుక్ చేశారండీ?" అన్నాడు. "అల్లుడి మీద అభిమానం కొద్దీ" అన్నాను. ఆయన పకపకా నవ్వేశాడు. వెళ్లగానే నీ రిపోర్టు చదువుతానన్నాడు.

అంతమంది ముందు అభిమానం అన్నాక బుకింగ్ రద్దు చేసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. బండి తీసుకుని, దానికి తగ్గ వ్యాపారమే చూసుకున్నాను. కొట్టు మీ అత్తగారికి అప్పగించి, ఇసుకా ఇటుకలూ తోలుతున్నాను.

ఇట్లు,
మీ మామ

తా.క. ఈ ఉత్తరం పోస్టు చెయ్యకుండా నా జేబులోనే ఉండిపోయి నెల దాటింది. ఈలోగా మీ అత్తగారు కొట్టు కోసం నీలం బండి కొనేసింది. డ్రైవింగు నేర్చుకుని తనే నడుపుతోంది. నిన్న అద్దాలతో వస్తూ ఎత్తు మధ్యలో ఆగిపోయింది. వెనకే ఇసుకతో వస్తున్న నేను ముందుకెళ్లి, తాడు కట్టి, పైదాకా లాక్కెళ్లాను. ఒక్క అద్దమూ పగల్లేదు. తను దిగి, రెండు బండ్లనీ ఓసారి తేరిపార చూసి, "అల్లుడు రాసింది అక్షరాలా నిజమేనండీ" అంది. ఏ బండి గురించి అన్నదో నేను అడగలేదు.