పైడమ్మ గొంతు మీద డీజే మోత

పలాస, మంగళవారం రాత్రి

సాయంత్రం ఆరింటికి తేలింది: పైడమ్మ పాటలు నా కంప్యూటర్లో ఒక్కటీ మిగల్లేదు. భావనపాడు ఒడ్డున చేపలు ఎండేస్తూ ఆమె పాడుతుంటే నేనే రికార్డు చేసినవి. జాబితాలో పేర్లున్నాయి, నొక్కితే ఫైలు దొరకలేదంటోంది. ఫోల్డరు మారిందేమోనని డిస్కంతా వెతికాను. ఆమె పేరుతో కొత్త ఫైళ్లు కనిపించాయి. తెరిస్తే డప్పుల మోత, దాని కింద ఎక్కడో ఆమె గొంతు.

డీజే నడిపే అప్పలరాజుకి ఫోన్ చేశాను. అమ్మవారి సంబరానికని, నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి నా కంప్యూటర్లోనే కలిపాడట.

"పాతవేవి బావా?"

"తీసేసినాను. ఒకే పాట రెండేసి ఎందుకు? డిస్కులో జాగా లేదు కదేటి."

"నన్ను అడగొద్దా?"

"సంబరంలో అందరూ ఎగిరినారు బావా. నువ్వొక్కడివే ఏడుస్తన్నావు. ముసిల్దాని పాట ఇంతమంది ఎప్పుడిన్నారు సెప్పు?"

పెట్టేశాను. మొగుడి పడవ తిరిగి రాలేదని ఆమె పాడిన చోట ఈలలు కలిపాడు. పూర్తిగా వినలేకపోయాను. చెరిపిన ఫైళ్లుండే చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి వెళ్లాడు.

పైడమ్మ పోయి వారమైంది. పొద్దున్నే ఆమె కూతురు నూకమ్మ ఫోన్ చేసింది. "పెద్దకర్మకి మాయమ్మ పాట పెడతామండి. తమరికాడే ఉన్నాదంట." ఉందనే చెప్పాను.

పోయిన ఫైళ్లు వెలికితీసే షాపు కాశీబుగ్గలో ఒకటుంది. దొరుకుతాయని వాళ్లు మాటివ్వలేదు, డిస్కు తెమ్మన్నారు. రేపు తొమ్మిదింటికి తెరుస్తారు. పదింటికి నూకమ్మ పెన్‌డ్రైవు పట్టుకుని మా ఇంటికి వస్తుంది.