వ్యాను అద్దంలో కళ్లు

రాధ నాయినా,

మన వ్యాను మళ్లీ రోడ్డెక్కింది. జాతర జాతరకూ చీరలు అమ్ముకుంటూ, మనం అందులోనే వండుకుని పడుకున్న వ్యాను. నువ్వు పోయాక సిద్దిపేటలో ఇంటి వెనక తుప్పు పడుతుంటే మన రాధే పట్టుబట్టి ఇంజను బాగుచేయించింది. చిల్లులు పడ్డ అడుగు రేకు మార్పించింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా వచ్చింది.

ఈరోజు తనే నడుపుతానంది. సీటు నీ కాళ్ల పొడవుకే ఉండిపోవడంతో బ్రేకు అందలేదు. మెకానిక్ దాన్ని ముందుకు జరుపుతుంటే నేను అటు చూడలేకపోయాను. వెనక మన మంచం మీద కూర్చున్నాను.

వర్గల్ దారిలో బండి కుదుపుకు నా చెయ్యి దానంతటదే అన్నం గిన్నె పట్టుకోబోయింది. అక్కడ గిన్నె లేదు. తలెత్తితే, ముందు అద్దంలో నీ కళ్లు నన్నే చూస్తున్నాయి.

"నన్నేం జూస్తవ్, తొవ్వ జూడు" అన్నాను, నీతో అన్నట్టే.

రాధ బండి పక్కకు ఆపింది.

"అమ్మా, నాయిన అనుకున్నవా?"

"అవు బిడ్డా."

"ఇంటికి మలుపుదామా?"

"వద్దు. ఇంక జర దూరం పోనియ్యి" అన్నాను, అద్దంలోంచి చూపు తీయకుండా.